బతుకమ్మ అయిపోయింది, నడక కూడా ఆగిపోయింది!

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే దాదాపు అన్నీ ఆశ్వయుజం, కార్తీకం చుట్టూనే తిరుగుతున్నాయి. బతుకమ్మ, దీపావళి, సోమవారం ఉపవాసాలు, సీతాఫలాలు, మధ్యలో డెంగీ జ్వరాలు. పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాల్సి వస్తుంది, ఒంటికి ఏది అలవాటు చేయాలో తెలియని రోజులు. వైద్యులకు శరత్తు తల్లి, వసంతం తండ్రి అని సంస్కృతంలో పాత మాట ఒకటుంది, ఈ రెండు కాలాల్లో జబ్బులు ఎక్కువని దాని అర్థం. పెద్దలు ‘నూరు శరత్తులు చూడాలి’ అని దీవించడంలో కూడా ఈ కాలం గట్టెక్కితే ఏడాది గట్టెక్కినట్టే అన్న ఆలోచన ఉందేమో అనిపిస్తుంది నాకు. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

నాకు 44 ఏళ్లు, ఇంట్లోనే ఉంటాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం గంటన్నర తక్కువ కాకుండా ఆడాను. మోకాళ్లు ఏమీ అనలేదు, రాత్రి పడుకుంటే ఒళ్లెరగని నిద్ర. దసరా మర్నాటి నుంచి మళ్లీ మామూలే, సోఫా, టీవీ, ఫోన్. వాకింగ్ కోసం బూట్లు కూడా కొన్నాను, మూడు రోజులు పొద్దున్నే వెళ్లి మానేశాను. నాకు పట్టుదల లేదంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

పట్టుదల లేనిదానివైతే తొమ్మిది రోజులు వరసగా ఎలా ఆడావమ్మా? ఒకసారి లెక్క వేసి చూడు. రోజుకు గంటన్నర చొప్పున తొమ్మిది రోజులంటే 810 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల దాకా ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఐదు వారాలకు సరిపడా కదలిక నువ్వు తొమ్మిది రోజుల్లో చేసేశావు, అదీ ఎవరూ బలవంతం చేయకుండా. కాకపోతే కదలిక బ్యాంకులో దాచుకునే డబ్బు కాదు, వచ్చే నెలకు మిగలదు, అందుకే దసరా తర్వాత ఏం చేస్తున్నాం అన్నది ముఖ్యం.

అప్పుడు ఎందుకు కుదిరింది, ఇప్పుడు ఎందుకు కుదరడం లేదు? అప్పుడు టైము ఖాయం, వంటపని చూసుకుని, చీర కట్టుకుని బయల్దేరడమే. పక్కింటి వాళ్లు ‘వస్తున్నవా’ అని కేకేసేవాళ్లు, నువ్వు రాకపోతే అడిగేవాళ్లు. చోటు దగ్గర, గుడి ముందో వాడకట్టు చివరో. పాట ఉంది, పాట ఉన్నంతసేపు అలసట తెలియదు. ఇప్పుడు నువ్వు మొదలుపెట్టిన వాకింగ్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. తెల్లవారుజామున లేచి, ఒంటరిగా, కొత్త బూట్లతో రోడ్డు పట్టుకుని పోవడం ఎవరికైనా మూడో రోజుకు బరువే.

కాబట్టి పొద్దున నడక వదిలెయ్. బతుకమ్మ ఆడిన టైముకే, బతుకమ్మ ఆడిన వాళ్లతోనే, అదే చోట కలవండి. ఐదుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు. అరగంట నడవండి, మధ్యలో పది నిమిషాలు ఆ పాటలే పాడుకుంటూ, చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ తిరగండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, వాళ్లూ రెండో వారంలో వచ్చి కలుస్తారు, నేను చూశాను. బతుకమ్మ ఆటలో ఒక మంచి సంగతి ఏమిటంటే నడుము వంగుతుంది, చేతులు కదులుతాయి, అడుగు పక్కకి పడుతుంది, మామూలు నడకలో ఇవి అంతగా ఉండవు. పక్కకి అడుగు వేయడం, తిరగడం వయసు పెరిగే కొద్దీ తూలి పడిపోకుండా కాపాడే కదలికలు.

దీనికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేచి నిలబడడం పదిసార్లు, గోడకి రెండు చేతులూ ఆనించి ముందుకి వాలి వెనక్కి రావడం పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ ఒక విడత. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు అయిపోతుంది. నడక ఒక రోజు తప్పితే బెంగ పెట్టుకోకు, వరసగా రెండు రోజులు మాత్రం తప్పనివ్వకు. ఇంట్లో వాళ్ల మాటలు పట్టించుకోకు, వీలైతే వాళ్లనీ లాక్కుని వెళ్లు.

పొద్దంతా వంగి పత్తి ఏరుతాం, కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి నడుము పట్టేసి కూర్చోలేను, లేవలేను. ఆశా వర్కర్ వచ్చి రోజూ వ్యాయామం చేయాలి అంటుంది. మేము చేసేది వ్యాయామం కాదా? ఇంకా ఎక్కడి నుంచి తేవాలి ఒంట్లో సత్తువ?
— ఒక కూలి చెల్లెలు, జమ్మికుంట దగ్గర

నువ్వు అడిగింది న్యాయమైన మాట చెల్లీ. మీరు కదులుతున్నంత పట్నంలో జిముకి వెళ్లేవాళ్లు కూడా కదలరు, నిన్ను మళ్లీ నడవమని నేను చెప్పను. నీకు కావాల్సింది వేరే. పొద్దుటి నుంచి ఒకే తీరున ముందుకి వంగి ఉండడం వల్ల నడుము వెనక కండరాలు సాగిపోయి పట్టేస్తాయి, దానికి విరుగుడు వెనక్కి వంగడం. ఒక సాలు అయిపోగానే నిటారుగా నిలబడి, రెండు అరచేతులు నడుము మీద వెనక్కి పెట్టుకుని, మెల్లగా వెనక్కి వంగు, ఐదుసార్లు. అర నిమిషం పడుతుంది. కూలి పోతుందని భయం అక్కర్లేదు, సాయంత్రం చివరి గంటలో చేతులు ఆడకపోతే పోయే పత్తి అంతకంటే ఎక్కువ.

ఒడి నిండేదాకా మోయొద్దు, సగం కాగానే కుప్ప దగ్గర పోసేసి రా. బరువంతా పొట్ట ముందు వేలాడితే నడుముకు శ్రమ ఎక్కువ. మూట ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, మూటను ఒంటికి ఆనించుకుని లేవాలి, వీలైతే ఇద్దరు పట్టండి.

ఇక నీళ్లు. చేలో మరుగు ఉండదని ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు, ఈ మాట మీరు ఉత్తరాల్లో రాయరు కానీ నాకు తెలుసు. దాని వల్లే మూత్రంలో మంట, తలనొప్పి, కాళ్లు పీక్కుపోవడం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరికొకరు కాపలాగా వెళ్లి రండి, నీళ్లు మాత్రం మానొద్దు. మజ్జిగో అంబలో సీసాలో పెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది. మందు కొట్టిన చేలో ఏరితే అన్నం ముద్ద ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాయంత్రం ఆ బట్టలు విడిగా ఉతకాలి.

సత్తువ లేదన్నావు కదా, ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం శాతం చూపించుకో. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండడం చాలా మామూలు, ఆ నీరసానికి వ్యాయామం మందు కాదు. గోంగూర, తోటకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకో, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మానెయ్, కనీసం గంట ఆగు, టీ ఆ ఇనుమును పట్టనివ్వదు.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతాను. ఈ కాలంలో చేలల్లో పాములు తిరుగుతాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో మొక్కను కదిలించు. ఎవరినైనా కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

మా వారికి 68. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కార్తీకం నెల్లాళ్లూ తెల్లవారుజామున గోదావరి స్నానం, సోమవారాలు నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం. కిందటేడు రెండో సోమవారం చెమటలు పట్టి పూజలోనే కూలబడ్డారు. చెబితే వినరు. నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

ముందు ఆ కూలబడిన సంగతి చూద్దాం అమ్మా. అది నీరసం కాదు, చాలావరకు షుగర్ పడిపోవడమే అయ్యుంటుంది. గ్లిమెపిరైడ్ తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. మాత్ర వేసుకుని తినకపోతే రక్తంలో చక్కెర 70 కిందికి జారుతుంది, అప్పుడు చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ ఇబ్బంది అరుదు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇంకా ఎక్కువ. షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటి ‘ఫ్లోజిన్’ రకాలు వాడేవాళ్లకు నీళ్లు కూడా తాగని ఉపవాసం మరీ ప్రమాదం. కాబట్టి ఈసారి కార్తీకం మొదలవకముందే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఉపవాసం రోజున ఏ మాత్ర ఎంత, ఎప్పుడు అని కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు మాత్ర ఎగ్గొట్టించొద్దు, ముఖ్యంగా బీపీ మాత్ర. ‘ఖాళీ కడుపుతో వద్దులే, రాత్రికి వేసుకుంటా’ అని బీపీ మాత్ర ఆపేసి చన్నీళ్లలో దిగేవాళ్లను చూస్తుంటే భయమేస్తుంది నాకు.

వినరు అన్నారు కదా, ఆయనకు భక్తి ముఖ్యం, అది మనం కాదనకూడదు. నడుచుకుంటూ ఘాట్‌కి వెళ్లి రావడం, నలుగురితో మాట్లాడడం, తెల్లారే వెలుగు చూడడం, రాత్రి పెందలాడే పడుకోవడం, ఇవన్నీ ఆయన ఆరోగ్యానికి ఎంతో మంచివి, వాటిని పోగొట్టుకోవద్దు. మార్చాల్సింది చిన్న చిన్నవే. చీకట్లో కాకుండా కాస్త వెలుగు వచ్చాక వెళ్లమనండి, మెట్ల మీద పాచి కనిపిస్తుంది. వెంట ఒక మనిషి ఉండాలి. ఒక్కసారిగా మునగకుండా ముందు పాదాలు, తర్వాత చేతులు, మొహం తడుపుకుని నిదానంగా దిగాలి, చన్నీళ్లు ఉన్నట్టుండి ఒంటికి తగిలితే రక్తనాళాలు ముడుచుకుని బీపీ చటుక్కున పెరుగుతుంది. ఛాతీలో ఏమాత్రం పట్టేసినట్టున్నా ఆ రోజు స్నానం ఇంట్లో గోరువెచ్చని నీళ్లతోనే. పైకి రాగానే తల తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోవాలి, తడి పంచెతో అరగంట కబుర్లు వద్దు.

ఉపవాసానికి పాలు, పళ్లు, నానబెట్టిన పెసరపప్పు లాంటివి మధ్యమధ్యలో తీసుకునే పద్ధతి ఎంచుకోమనండి. ముసలివాళ్లకు, రోగులకు, గర్భిణులకు కఠిన ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని మీ పురోహితుల చేతే చెప్పించండి, నా మాట కన్నా ఆ మాట ఆయనకు ఎక్కుతుంది. సోమవారం మధ్యాహ్నం, సాయంత్రం మీటరుతో షుగర్ చూడండి. 70 కన్నా తగ్గితే ఇక నక్షత్రాలు, ముహూర్తాలు చూడకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108. ఆయన జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ బిళ్లలో పంచదార పొట్లమో పెట్టండి.

రాత్రి ఉపవాసం విడిచేటప్పుడు పులిహోర, గారెలు, పరమాన్నం ఒకేసారి వేసేస్తారు మన ఇళ్లలో. పొద్దంతా లేని చక్కెర అప్పుడు అమాంతం పైకి ఎగురుతుంది. ముందు కూరా పప్పూ, తర్వాత కొద్దిగా అన్నం, తిన్నాక వరండాలోనో డాబా మీదో పది పదిహేను నిమిషాలు నడక. తిన్న తర్వాత నడిచే ఆ పది నిమిషాలు షుగర్ ఉన్నవాళ్లకు ఎంత మేలు చేస్తాయో ఉపవాసం లేని రోజుల్లో కూడా మీటరే చూపిస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు సీతాఫలం ముట్టకూడదా? మా ఊళ్లో ఇప్పుడు ఎక్కడ చూసినా అవే.
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

బాలానగర్ సీతాఫలాల మధ్య కూర్చుని తినొద్దంటే ఎలాగండీ! షుగర్ అదుపులో ఉంటే తినొచ్చు, ఒకటి, అదీ చిన్నది. వంద గ్రాముల గుజ్జులో సుమారు 20 నుంచి 24 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, దాదాపు అరటిపండుతో సమానం, పీచు కూడా బాగానే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే ఎవరూ ఒకటితో ఆగరు, అన్నం తిన్నాక బుట్ట ముందేసుకుంటారు. అన్నంతో పాటు వద్దు, పదకొండు గంటలప్పుడో సాయంత్రమో విడిగా తినండి, ఆ రోజు ఇంకో పండు మానేయండి. మిల్క్‌షేక్, ఐస్‌క్రీమ్ రూపంలో మాత్రం వద్దు. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టొద్దు.

గింజల గురించి ఒక మాట. పేలు పోతాయని గింజలు నూరి పిల్లల తలకు రాసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని విపరీతమైన మంట, ఎరుపు, చూపు మసకబారడం. దయచేసి ఆ పని చేయకండి. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

27 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డెంగీ తగ్గి పది రోజులైంది, ప్లేట్‌లెట్లు లక్షా డెబ్భై వేలు. అయినా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడుతున్నాయి. జిమ్‌కి ఎప్పుడు వెళ్లొచ్చు? రూమ్‌మేట్ ఇంకా బొప్పాయి ఆకు రసం తాగమంటున్నాడు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయంటే ఆ లెక్క సరిపోయింది తమ్ముడూ, కానీ ఒళ్లు కోలుకోవడం వేరే లెక్క. డెంగీ తర్వాత నీరసం కొన్ని వారాల పాటు ఉండడం మామూలే, నీలో ఏదో లోపం ఉందని కంగారు పడకు. అయితే ఆయాసంతో పాటు ఛాతీ నొప్పి, కూర్చున్నప్పుడే గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే జిమ్ సంగతి పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించు, అరుదుగా డెంగీ గుండె కండరాన్ని కూడా తాకుతుంది.

అవేవీ లేకపోతే ఈ వారం ఇంటి చుట్టూ పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. నడుస్తూ మాట్లాడగలగాలి, అదే కొలత. మర్నాడు నీరసం పెరగకపోతే రెండు మూడు రోజులకోసారి ఐదేసి నిమిషాలు పెంచు. అరగంట హాయిగా నడవగలిగాకే జిమ్, అక్కడ కూడా మొదటి రెండు వారాలు పాత బరువుల్లో సగం. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, ఏది అలవాటైతే అది, పూటపూటా ఉండాలి. రాత్రి రెండింటి దాకా సిరీస్‌లు చూస్తూ నీరసం తగ్గలేదంటే ఎవరూ ఏమీ చేయలేరు, ఈ నెల ఏడెనిమిది గంటల నిద్ర నీకు మందు. రెండు మూడు నెలల తర్వాత జుట్టు బాగా ఊడితే భయపడకు, పెద్ద జ్వరాల తర్వాత అలా జరుగుతుంది, మళ్లీ వస్తుంది.

బొప్పాయి ఆకు రసం ఇప్పుడు నీకు అవసరమే లేదు. జ్వరం ఉన్నప్పుడు కూడా అది వైద్యానికి బదులు కాదు, ఆ చేదుకి వాంతులై ఒంట్లో నీరు ఇంకా పోయినవాళ్లను చూశాను. డెంగీలో ప్రాణాలు నిలిపేది సరిపడా నీళ్లు, టైముకి ఆసుపత్రి. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సినవి, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన మగత కనిపిస్తే పరుగెత్తాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు. ఇది నీ రూమ్‌మేట్‌కి కూడా చెప్పు.

ఎందుకంటే మీ గది ఇంకా అదే గది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చి తగ్గితే మిగతా మూడూ రావచ్చు, రెండోసారి వచ్చినప్పుడు జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. ఆ దోమ పగలు కుడుతుంది, మురుగులో కాదు మంచినీళ్లలో పుడుతుంది. ఎండాకాలం నుంచి అలాగే వదిలేసిన కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, బాల్కనీలో పాత బకెట్, ఇవన్నీ చూడు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి ‘డ్రై డే’ పాటించమనేది. నీళ్లు పారబోస్తే చాలదు, అంచులు పీచుతో రుద్ది కడగాలి, గుడ్లు అంచుకి అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఇద్దరూ కలిసి చేస్తే ఇరవై నిమిషాల పని, అదీ ఒక వ్యాయామమే.

తొమ్మిదేళ్ల బాబుకు ఆస్తమా. దీపావళికి వాడిని గదిలో పెట్టి తలుపేయాలంటే మనసొప్పదు.
— ఒక తల్లి, విజయవాడ

రోజూ వాడే ఇన్‌హేలర్‌ను పండగ హడావిడిలో ఒక్క పూట కూడా మానకండి, వారం ముందే డాక్టర్‌ని కలిసి అత్యవసర ఇన్‌హేలర్ ఎన్ని పీల్పులో అడిగి రాసుకోండి, దానికి తగిలించే గొట్టం, అంటే స్పేసర్‌తో సహా మీ చేతిసంచిలో ఉండాలి. పొద్దున్న నువ్వుల నూనెతో తలంటు, కొత్త బట్టలు, దీపాలు వెలిగించడం, ముగ్గులు, స్వీట్లు పంచడం, ఇవన్నీ వాడి చేతే చేయించండి, పండగలో వాడి పాత్ర పెద్దదవుతుంది. బయట పొగ దట్టమయ్యే టైముకి పైఅంతస్తులో కిటికీలు మూసి నలుగురు పిల్లలతో ఆటలు పెట్టండి. పాము బిళ్లలు మాత్రం మీ గుమ్మం దగ్గర వద్దు, చూడ్డానికి చిన్నవే కానీ పొగ చాలా ఎక్కువ, అదీ పిల్లల మొహానికి దగ్గరగా. మర్నాడు గచ్చు ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, సిరా రాయకుండా 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి.

అమ్మానాన్న ఆరు నెలలకని న్యూజెర్సీ వచ్చారు. వచ్చిన కొత్తలో రోజూ పార్కుకి వెళ్లేవారు, రంగు మారిన ఆకులు చూసి ఫొటోలు తీసుకునేవారు. నవంబర్ నుంచి నాన్న ఇంట్లోంచి కదలడం లేదు, నాలుగున్నరకే చీకటి పడుతుంటే ఇక పడుకుందామా అంటున్నారు. ఎలా కదిలించాలి?
— ఒక పాఠకురాలు, ఎడిసన్

నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనలాంటి దేశం నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది, నిన్నటి దాకా ఉన్న సాయంత్రం ఒక్కరోజులో మాయమైపోతుంది. నాన్నగారికి నడక మీద విరక్తి రాలేదమ్మా, ఆయనకు అలవాటైన సాయంత్రం పోయింది. నడకను పగటికి జరపండి. పదకొండు నుంచి రెండు లోపు, ఎండ ఉన్నప్పుడు, భోజనానికి ముందో తర్వాతో. మీరు ఆఫీసులో ఉంటారు కాబట్టి ఆయనకు ఒక పని అప్పగించండి, లైబ్రరీలో పుస్తకాలు మార్చడం, మనవడిని బస్ స్టాప్ నుంచి తీసుకురావడం, దగ్గరి కొట్లో కొత్తిమీర తేవడం. వాకింగ్‌కి వెళ్లండి అంటే వెళ్లని నాన్నలు పని ఉందంటే వెళ్తారు. వానైనా మంచైనా దగ్గర్లోని మాల్‌లో నడవచ్చు, మీ కమ్యూనిటీలో వచ్చిన తల్లిదండ్రులు ఇంకొందరు తప్పకుండా ఉంటారు, ఇద్దరు పెద్దమనుషులను ఒకసారి కలిపితే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఒకే దళసరి కోటు కన్నా పలచటివి రెండు మూడు పొరలు మేలు, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. చెప్పులతో పంపొద్దు, తడిసిన రాలుటాకులు మన పాచి మెట్ల కన్నా జారుడు, పట్టు ఉన్న బూట్లు కొనండి. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరి చేతా ఒంటికాలి మీద నిలబడడం చేయించండి, కిచెన్ గట్టు పట్టుకుని పది సెకన్లు ఒక్కో కాలి మీద. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు ఇలాంటి బ్యాలెన్స్ అభ్యాసం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కూడా.

ఫ్లూ టీకా వేయించారా? అక్కడ సెప్టెంబర్, అక్టోబర్ నెలలు దానికి మంచి సమయం, ఇప్పటికీ ఆలస్యం కాలేదు, 65 దాటినవాళ్లకు ఎక్కువ మోతాదు రకాలు ఉంటాయి, ఫార్మసీలో అడగండి. హీటర్ గాలికి చర్మం పగులుతుంది, స్నానం చేసిన వెంటనే తడి ఆరకముందే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాయాలి. దాహం వేయదు కాబట్టి నీళ్లు మర్చిపోతారు, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి ఆయన కుర్చీ పక్కన పెట్టండి. శాకాహారులై, మెట్‌ఫార్మిన్ కూడా చాలా ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బి12 తగ్గే అవకాశం ఎక్కువ, దానితో పాటు విటమిన్ డి కూడా చూపించండి.

సాయంత్రం చీకటి పడగానే ఇంట్లో లైట్లన్నీ వేసేయండి, ఆరింటికి ఊళ్లో ఉన్న తమ్ముడికో అక్కకో వీడియో కాల్ పెట్టి ఇవ్వండి, ఇక్కడ అప్పటికి తెల్లవారి నలుగురు టీ తాగుతూ ఉండరు కానీ కార్తీకమాసమైతే తప్పకుండా లేచే ఉంటారు. ఆ కబుర్లు అయ్యేసరికి ఏడు దాటుతుంది, భోజనం, పది నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడక, తొమ్మిదిన్నరకి నిద్ర. ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల తర్వాత కూడా ఆయన దేని మీదా ఆసక్తి లేకుండా, తిండి తగ్గించి, మాట తగ్గించి ఉంటే దాన్ని చలి ఖాతాలో వేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి. వెలుతురు తగ్గే నెలల్లో కొందరికి మనసు కూడా కుంగుతుంది, దానికి చికిత్స ఉంది.

రోజూ ఉసిరికాయలు ఎన్ని తినొచ్చు?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

పెద్ద ఉసిరి అయితే ఒకటి. సి విటమిన్ నారింజలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పచ్చిగా కొరకలేకపోతే పప్పులో వేయండి, లేదా తురిమి పెరుగులో కలపండి. ఊరగాయ లెక్కలోకి రాదు, అందులో ఉప్పు చాలా ఎక్కువ, రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. ఎసిడిటీ ఉన్నవాళ్లు పరగడుపున వద్దు, భోజనంలో తినండి. వనభోజనాలకు వెళ్లినప్పుడు ఉసిరి చెట్టు కింద కూర్చుని తిన్నాక కార్ల దగ్గరికి నేరుగా రాకుండా తోటంతా ఒక చుట్టు తిరిగి రండి, పిల్లలను కూడా తీసుకుని.